నట్టింట్లో సంఘం

ఇంటి సంఘంలో చేరమని పిలిచేవాళ్ళు సాధారణంగా రెండు మాటలు కలిపి చెబుతారు. తొలి క్రైస్తవులకు గుడులు లేవు, ఇళ్ళలోనే కూడుకున్నారు అన్నది మొదటిది. పిల్లలకు దేవుని సంగతులు నేర్పే బాధ్యత తల్లిదండ్రులది, అందులోనూ తండ్రిది, దాన్ని సండే స్కూలు టీచరు మీదికి నెట్టి చేతులు దులుపుకోకూడదు అన్నది రెండోది. దీన్నే కుటుంబ శిష్యత్వం అంటున్నారు. మొదటిదానికి అపొస్తలుల కార్యములు, రెండోదానికి ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం తీసి చూపిస్తారు. ఈ రెండూ కలిసినచోట కుటుంబాలే పునాదిగా, ఇల్లే మందిరంగా నడిచే సంఘం పుడుతుంది. అమెరికాలో గత 30 ఏళ్ళలో ఇదొక చిన్న ఉద్యమంగా ఎదిగింది. యూట్యూబు ప్రసంగాల మీదుగా ఆ మాటలు మన ఊళ్ళకీ చేరుతున్నాయి.

వింటే రెండూ ఒకే తాను గుడ్డలనిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా కాదు. పలు కుటుంబాలు ఒకరింట్లో కూడే కూటం ఒక పాయ, ఒక కుటుంబం తన ఇంట్లో తాను చేసుకునే ప్రార్థన ఇంకో పాయ. చాలాకాలం ఇవి వేరువేరుగానే పారాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి అనుమానంగా కూడా చూశాయి. ఈ రెంటినీ కలిపినప్పుడు ఏం ఒనగూరింది, ఏం చిక్కులొచ్చాయి అన్నది చూసుకోకుండా, ‘బైబిల్లో ఉంది కదా’ అన్న ఒక్క మాట మీద చేరిపోవడం తొందరపాటు.

ముందు మొదటి శతాబ్దం సంగతి. పౌలు ఉత్తరాల్లో ఇంటి సంఘాల ప్రస్తావన పలుచోట్ల వస్తుంది. రోమాలో అకుల ప్రిస్కిల్లల ఇల్లు, కొలస్సయిలో ఫిలేమోను ఇల్లు, లవొదికయ ప్రాంతంలో నుంఫా ఇల్లు. ఫిలిప్పీలో ఊదారంగు బట్టలమ్మే లూదియ ఇల్లు అపొస్తలుల కార్యాల్లో కనిపిస్తుంది. ఇవి చదివేటప్పుడు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక సోఫా ఉన్న ఇల్లు మన మనసులో మెదులుతుంది. ఆ కాలపు ఇల్లు అది కాదు. యజమాని, అతని భార్యాపిల్లలు, బానిసలు, విడుదలైన బానిసలు, పనివాళ్ళు, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళు, అందరూ కలిస్తే అది ఇల్లు. ఫిలేమోను ఇంట్లో సంఘం కూడేది. ఆ ఫిలేమోను బానిసే ఒనేసిము. యజమాని నుంచి దూరమైన ఆ బానిసను తిప్పి పంపుతూ, ఇకమీదట సోదరుడిగా చేర్చుకోమని పౌలు రాసిన చిన్న ఉత్తరం కొత్త నిబంధనలో ఉంది. తన నట్టింట్లో సంఘాన్ని పెట్టుకున్న యజమాని తన బానిసను ఏం చేస్తాడన్నదే ఆ ఉత్తరంలో ఉన్న ప్రశ్న అంతా.

పీటర్ ఓక్స్ అనే బ్రిటిష్ పండితుడు 2009లో ఒక ఆసక్తికరమైన పని చేశారు. పాంపే శిథిలాల్లో బయటపడ్డ ఇళ్ళ కొలతలు దగ్గర పెట్టుకుని, రోమీయులకు రాసిన పత్రికను మొదట విన్న ఇంటి సంఘం ఎలా ఉండి ఉంటుందో అంచనా కట్టారు. ఆయన లెక్కలో అది 30 మంది పట్టే వర్క్‌షాపు. చేతిపని చేసే ఒక కుటుంబం ఇల్లుగలవాళ్ళు. మిగతావాళ్ళలో విశ్వాసులు కాని యజమానుల బానిసలున్నారు, వలస కూలీలున్నారు, ఇల్లే లేనివాళ్ళు కూడా ఉన్నారు. అంటే వాళ్ళలో పలువురు తమ కుటుంబం తోడు లేకుండా వచ్చి కూర్చున్నవాళ్ళే. ఇదొక ఊహాచిత్రమేనని ఆయనకీ తెలుసు, కానీ మన సోఫా కన్నా ఇది వాస్తవానికి దగ్గర.

అసలు అందరూ ఇళ్ళలోనే కూడేవారా అన్నదానిపైనా వాదం ఉంది. 2013లో ఎడ్వర్డ్ ఆడమ్స్ ఈ ఒక్క ప్రశ్న మీదే ఒక పుస్తకం రాసి, దుకాణాలు, గిడ్డంగులు, అద్దె గదులు, తోటలు, నదీతీరాలు కూడా కూడికలకు చోటిచ్చి ఉండొచ్చని చూపారు. తవ్వకాల్లో బయటపడ్డ గట్టి ఆధారం సిరియాలోని దూరా యూరోపోస్‌ది. అక్కడ ఒక మామూలు ఇంటిని క్రీ.శ. 240 ప్రాంతంలో క్రైస్తవులు తమ వాడకానికి మార్చుకున్నారు. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి హాలు చేశారు, ఒక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి గోడలకు బొమ్మలు వేశారు. 256 ప్రాంతంలో పర్షియన్ల ముట్టడితో ఆ ఊరు పాడుబడింది. 1930లలో దాన్ని తవ్వినవాళ్ళు ఆ గోడచిత్రాలను యేల్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళారు. గోడ కొట్టేసిన సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. అప్పటికి అక్కడ ఎవరూ కాపురం ఉండటం లేదు. తొలి క్రైస్తవులు ఇంటిని ఇంటిగానే కాపాడుకోవాలని పట్టుబట్టలేదు, చోటు చాలకపోతే మార్చుకున్నారు.

రెండో మాటకొస్తే, సువార్తల్లో కుటుంబానికి దక్కిన మర్యాద అంత సూటిగా లేదు. తల్లీ తమ్ముళ్ళూ బయట నిలబడి పిలుస్తుంటే, చుట్టూ కూర్చున్నవాళ్ళను చూపించి వీళ్ళే నావాళ్ళన్నాడు యేసు. తన వల్ల ఒకే ఇంట్లో చీలిక వస్తుందని కూడా చెప్పాడు. కుటుంబ శిష్యత్వం మీద ప్రసంగాలు చేసేవాళ్ళు ఈ భాగాలను త్వరగా దాటేస్తారు. కొత్త నిబంధనలో ఇంట్లో నేర్చుకున్న విశ్వాసానికి పేరుపెట్టి చెప్పిన పెద్ద ఉదాహరణ తిమోతి. అతనికి నేర్పింది అమ్మమ్మ లోయి, తల్లి యునీకే. తండ్రి గ్రీకువాడు, విశ్వాసి అని ఎక్కడా లేదు. ఈ సంగతి మన ప్రాంతానికి వచ్చేసరికి మళ్ళీ అవసరపడుతుంది.

కుటుంబ ప్రార్థన అనే పాయను క్రమబద్ధం చేసింది ప్రొటెస్టెంట్ సంస్కర్తల తర్వాతి తరాలు. 1647లో స్కాట్లండ్ సంఘం కుటుంబ ఆరాధనకు ఒక నిర్దేశ పత్రం వెలువరించింది. ఇంటి యజమాని పొద్దునా సాయంత్రం ప్రార్థన, పఠనం జరిపించాలి. జరిపించకపోతే పెద్దలు ముందు రహస్యంగా మందలించాలి, అయినా వినకపోతే ప్రభువు బల్ల నుంచి ఆపాలి. అదే పత్రం ఇంకో మాట కూడా అంటుంది: మామూలు రోజుల్లో పలు కుటుంబాలు కలిసి ఇళ్ళలో కూటాలు పెట్టుకోవడం మంచిది కాదు. ఉపద్రవ కాలంలో అయితే సరే, శాంతి కాలంలో అది సంఘాన్ని చీలుస్తుందని వాళ్ళ భయం. తండ్రిని ఇంటికి యాజకుడిగా నిలబెట్టినవాళ్ళే ఇంటి సంఘాన్ని కాదన్నారన్నమాట.

ఇంగ్లండులో 1664 నాటి చట్టం ఇదే గీతను పోలీసు భాషలో గీసింది. ఇంట్లోవాళ్ళు కాక 16 ఏళ్ళు దాటిన బయటివాళ్ళు ఐదుగురు, అంతకు మించి చేరితే అది అక్రమ కూటం, శిక్షార్హం. ఐదో మనిషి గడప తొక్కగానే ప్రార్థన నేరమైపోతుంది. అదే శతాబ్దంలో కిడెర్‌మిన్‌స్టర్ పట్టణంలో రిచర్డ్ బాక్స్‌టర్ మూడో దారి పట్టారు. కుటుంబాలను గుడి నుంచి విడదీయకుండా, వారానికి రెండు రోజులు కేటాయించి, తన సహాయకుడితో కలిసి ఒక్కో కుటుంబాన్ని విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. దాదాపు 800 కుటుంబాలను ఏడాదిలో చుట్టేలా ఏర్పాటు. మా సంఘంలో కాపరి మా ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో అని విసిగి ఇంటి సంఘం వైపు చూసేవాళ్ళకు బాక్స్‌టర్ కథ తెలిస్తే బాగుండును. వాళ్ళు వెతుకుతున్నది బహుశా కొత్త సంఘం కాదు, ఆ గంటసేపు మాట.

జర్మనీలో ఫిలిప్ యాకోబ్ స్పీనర్ 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తన ఇంట్లోనే మొదలుపెట్టిన భక్తి కూటాలు, ఆ తర్వాత మెథడిస్టుల నాయకుడు వెస్లీ నడిపిన క్లాసు మీటింగులు ఇదే చరిత్రలో తర్వాతి మెట్లు. వాటిని విడిగా చెప్పక్కర్లేదు. కానీ వెస్లీ తల్లి సుసన్నా గురించి చెప్పాలి. 1711–12 చలికాలంలో ఆమె భర్త, ఎప్‌వర్త్ గ్రామపు పాదిరి, లండన్‌లో ఉండిపోయారు. ఆదివారం సాయంత్రం పిల్లలకూ పనివాళ్ళకూ ఆమె ప్రసంగం చదివి వినిపించేది. పనివాడొకడు తన తల్లిదండ్రులకు చెప్పాడు, వాళ్ళొచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు, చివరికి 200 మంది దాటారు. గుడి చూసుకుంటున్న ఉపపాదిరి భర్తకు ఫిర్యాదు రాశాడు. ఆపమని భర్త రాస్తే, ఆపమని ఆజ్ఞాపించు, ఆ ఆజ్ఞ బాధ్యత నీదేనని ఆమె తెలివిగా జవాబిచ్చింది. కుటుంబ ప్రార్థన ఎవరూ అనుకోకుండానే ఇంటి సంఘమైన సందర్భం ఇది. రెండు పాయలూ ఇక్కడ కలిశాయి, కలిపింది ఒక తల్లి.

నేటి అమెరికన్ రూపం వేరే అసంతృప్తిలోంచి వచ్చింది. 1780లో గ్లోస్టర్‌లో రాబర్ట్ రెయిక్స్ నడిపిన సండే స్కూలు, వారమంతా పనిచేసే పేద పిల్లలకు అక్షరాలు నేర్పే బడి. రెండు శతాబ్దాల్లో అది ప్రతి సంఘంలోనూ పసిపిల్లలకొకటి, టీనేజర్లకొకటి, కాలేజీవాళ్ళకొకటిగా వయసుల వారీ విభాగాలైపోయింది. కుటుంబం గుడి గుమ్మం దాకా కలిసి వచ్చి, లోపల నాలుగు దారులై, మళ్ళీ కారు దగ్గర కలుస్తుంది. దీన్ని విమర్శిస్తూ వోడీ బాఖమ్ 2007లో ‘ఫ్యామిలీ డ్రివెన్ ఫెయిత్’ రాశారు. వయసుల వారీ విభజన వద్దు, అన్ని వయసులవాళ్ళూ ఒకేచోట కూర్చోవాలి, తండ్రి వారమంతా ఇంట్లో నేర్పాలి అన్నది ఆ ధోరణి. ఇవి అన్నీ ఇంటి సంఘాలు కావు, చాలావాటికి భవనాలున్నాయి. మరోవైపు, 2008లో ఫ్రాంక్ వయోలా, జార్జ్ బార్నా రాసిన ‘పేగన్ క్రిస్టియానిటీ’ భవనం, జీతం తీసుకునే కాపరి, ఒకరు చెబుతుంటే అందరూ వినే ప్రసంగం, ఇవన్నీ తర్వాత చేరినవే అని వాదించింది. వేలమంది సభ్యులున్న కాలిఫోర్నియా సంఘాన్ని వదిలి ఫ్రాన్సిస్ చాన్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంటి సంఘాల గుంపు మొదలుపెట్టారు. ఈ రెండు అసంతృప్తులూ హోంస్కూలింగ్ చేసే కుటుంబాల దగ్గర కలిశాయి. పిల్లల చదువు ఇంట్లో, ఆరాధన ఇంట్లో, స్నేహాలు అదే నాలుగు కుటుంబాలతో.

ఆ ఆదివారం ఎలా ఉంటుందంటే, బాగానే ఉంటుంది. పదిన్నరకు మొదలైతే మధ్యాహ్నం దాకా. పాటలు పిల్లలు అడుగుతారు. ఒక తండ్రి వాక్యం చెబుతాడు, మధ్యలో ప్రశ్నలు వేయొచ్చు. రొట్టె విరవడం విడిగా ఒక క్రతువు కాకుండా భోజనంలో భాగంగా జరుగుతుంది. ఒక ఇంట్లో ఉద్యోగం పోతే మిగతా ఇళ్ళకు ఆ రోజే తెలుస్తుంది, వంట చేసి పట్టుకొస్తారు. ఆరేళ్ళ పిల్ల పెద్దవాళ్ళ ప్రార్థనలు వింటూ, వాళ్ళ ఏడుపులు చూస్తూ పెరుగుతుంది. ఐదువందల మంది సంఘంలో ఇవి దొరకవు. చేరినవాళ్ళు చెప్పే మంచిలో అతిశయోక్తి తక్కువే.

పిల్లలు విశ్వాసంలో నిలుస్తారా అన్నదానికి దొరికే ఆధారం మాత్రం ఇంటి సంఘం, పెద్ద సంఘం అన్న తేడా మీద లేదు. అమెరికాలో వెర్న్ బెంగ్ట్‌సన్ 1970లో మొదలుపెట్టిన అధ్యయనం 350కి పైగా కుటుంబాలను నాలుగు తరాల దాకా వెంబడించింది. ఆ ఫలితాలు 2013లో ‘ఫ్యామిలీస్ అండ్ ఫెయిత్’గా వచ్చాయి. తల్లిదండ్రుల భక్తి ఎంత అన్నదానికన్నా, పిల్లలకు వాళ్ళతో, ముఖ్యంగా తండ్రితో, ఎంత దగ్గరితనం ఉందన్నది విశ్వాసం అందడంలో ఎక్కువ పనిచేసిందని ఆయన తేల్చారు. గట్టిగా నేర్పినా ప్రేమ చూపని తండ్రి ఇంట్లో పిల్లలు దూరమయ్యారు. పట్టు బిగించిన ఇళ్ళలోనే తిరుగుబాటూ వచ్చింది. ఈ పరిశోధనను కుటుంబ శిష్యత్వం వాళ్ళు తమకు అనుకూలంగా చెప్పుకుంటారు. సగం నిజమే. తండ్రి ముఖ్యమన్నది అందులో ఉంది, తండ్రి అధికారం ముఖ్యమన్నది లేదు.

ఈ రెండిటి మధ్య తేడా చెరిగినచోట ఏం జరుగుతుందో అమెరికా చూసింది. 1970లలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు బోధకులు నడిపిన ‘షెపర్డింగ్’ ఉద్యమంలో ప్రతి విశ్వాసికీ పైన ఒక కాపరి, అతనికి పైన ఇంకొకరు. ఇళ్ళలో చిన్న గుంపులు. ఉద్యోగం మారాలన్నా, పెళ్ళి చేసుకోవాలన్నా పైవాడి మాట కావాలి. శిష్యత్వం అనే మాటే అక్కడ పట్టుకొమ్మ. దశాబ్దంన్నర తర్వాత ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మరో అమెరికన్ బోధకుడు బిల్ గొథార్డ్ సంస్థ కుటుంబాన్ని గొడుగు కింద గొడుగుగా బొమ్మ గీసి నేర్పింది. పైన క్రీస్తు, కింద తండ్రి, ఆ కింద తల్లి, ఆ కింద పిల్లలు. పలువురు మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశాక 2014లో ఆయన రాజీనామా చేశారు. దానికి ముందు ఏడాది, తండ్రుల నాయకత్వాన్ని ఊరూరా బోధించిన ‘విజన్ ఫోరం’ అధినేత డగ్ ఫిలిప్స్, ఒక స్త్రీతో అనుచిత సంబంధాన్ని ఒప్పుకుని పదవి వదిలారు. కొద్ది వారాల్లో ఆ సంస్థ మూతపడింది.

ఇలాంటివి పెద్ద సంఘాల్లోనూ జరుగుతాయి, పత్రికలు నిండా ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, పెద్ద సంఘంలో బిషప్పు ఉంటాడు, కమిటీ ఉంటుంది, పడని వర్గం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ కొట్లాటలు ఎంత చిరాకైనా, వాటి వల్లే సంగతి బయటికి పొక్కుతుంది. ఇంటి సంఘంలో బోధకుడు, ఇంటి యజమాని, లెక్కలు చూసేవాడు, తగువు తీర్చేవాడు ఒక్కరే కావచ్చు. అతని భార్య మీదే ఫిర్యాదు అయితే ఎవరికి చెప్పాలి? అతని కొడుకు మీద అయితే? దీనికి జవాబు సిద్ధంగా ఉన్న ఇంటి సంఘాలు లేకపోలేదు, ఇద్దరు ముగ్గురు పెద్దలు, పొరుగు ఊరి సంఘంతో సంబంధం పెట్టుకున్నవి. ఆ ప్రశ్న అడిగినందుకే ముఖం మాడ్చుకునేవి ఎక్కువ.

ఇళ్ళలో కూడటం ఇష్టం కాక గతి అయినచోటు చైనా. 1954లో ప్రభుత్వ అనుమతితో ఏర్పడ్డ త్రీ సెల్ఫ్ సంఘంలో చేరని విశ్వాసులు ఇళ్ళకు తగ్గారు. ‘ఇంటి సంఘం’ అన్నది అక్కడ చోటును కాదు, రిజిస్టరు కాకపోవడాన్ని సూచిస్తుంది. కొన్ని ఇంటి సంఘాలు ఆఫీసు భవనాల్లో వందలమందితో నడిచాయి. 2018లో మత వ్యవహారాల నిబంధనలు బిగిశాక పిల్లలకు మతబోధ చేయడం అన్నిటికన్నా ప్రమాదకరమైంది. షెన్‌జెన్‌లోని ఒక చిన్న సంఘం 60 మందికి పైగా కుటుంబాలతో సహా దేశం విడిచి, దక్షిణ కొరియాలోని జేజు దీవికి, అక్కణ్ణుంచి థాయిలాండుకు వెళ్ళి, 2023లో టెక్సస్ చేరింది. పిల్లలను తమ విశ్వాసంలో చదివించుకోవాలన్నది వాళ్ళ ముఖ్య కారణాల్లో ఒకటి. అమెరికాలో కుటుంబ శిష్యత్వం ఎంచుకునే జీవన విధానం. వాళ్ళకు అది ప్రవాసం.

మన దగ్గర కథ మూడో రకం. తెలుగు దేశంలో క్రైస్తవం ఇంటింటికీ కాక పల్లె పల్లెకు, బంధువర్గం వెంట పాకింది. 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పెరయ్య, చర్మాల వ్యాపారం మీద తిరుగుతూ చుట్టాలున్న ఊళ్ళన్నిటా చెప్పాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడ నిర్ణయం వ్యక్తిదీ కాదు, అమెరికన్ల అర్థంలో కుటుంబానిదీ కాదు. పల్లె పెద్దలు కూర్చుని తేల్చుకున్నది. అంతకు ముందే, 1836లో, ఇంగ్లండు డెవన్ ప్రాంతం నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ పద్ధతి తెచ్చారు. అభిషేకం పొందిన పాదిరి అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు ఎక్కడ కూడినా రొట్టె విరవొచ్చు. ఇంటి సంఘానికి ఇంతకన్నా అనువైన సిద్ధాంతం లేదు, గోదావరి జిల్లాల్లో అది ఇప్పటికీ బలంగా ఉంది.

భక్త్ సింగ్ ప్రభావం ఇంకా విస్తృతం. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, కెనడాలో క్రైస్తవుడై, 1933లో తిరిగొచ్చారు. బొంబాయి రేవులో కలిసిన తల్లిదండ్రులు విశ్వాసాన్ని గుట్టుగా ఉంచుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఇంటికి వెళ్ళలేదు. 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సహవాస కేంద్రాన్ని స్థాపించారు. చాపల మీద కూర్చోవడం, అందరూ కలిసి తినే ప్రేమవిందు, రోజుల తరబడి వేలమంది ఒకే పందిరి కింద ఉండే పరిశుద్ధ సమాజ కూడికలు, జీతం లేని సేవకులు. 2000లో ఆయన చనిపోయేదాకా, ఆ తర్వాతా వందల ఊళ్ళలో ఆ సహవాసాలు ఎవరో ఒకరి ఇంట్లోనే మొదలయ్యాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన కట్టినది కుటుంబాలను కలిపి కుట్టిన సంఘం కాదు, సొంతవాళ్ళు దూరమైన మనుషులకు దొరికిన కుటుంబం.

తెలుగు ఊళ్ళలో ఉపవాస ప్రార్థనకు ఏ ఇంటికి వెళ్ళినా చాప మీద కనిపించేది ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఒంటరిగా వస్తారు. భర్త హిందువుగానే ఉంటాడు, లేదా పేరుకు క్రైస్తవుడు, ఆదివారం పడుకుంటాడు. కొందరు భర్తకు తెలియకుండా బొట్టు తుడుచుకుని వచ్చి, వెళ్ళేటప్పుడు పెట్టుకుంటారు. పిల్లలకు ప్రార్థన నేర్పేది వీళ్ళే. కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల స్త్రీలు శుక్రవారం సెలవు దొరికితే ఒక గదిలో చేరి ప్రార్థన చేసుకుంటారు. పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర, వాక్యం వాట్సాప్‌లో. ఇవన్నీ ఇంటి సంఘాలే, కుటుంబ శిష్యత్వమే. ‘తండ్రి ఇంటికి కాపరి’ అన్న సూత్రంతో కొలిస్తే మాత్రం ఇవన్నీ కొరతలుగా, సరిచేయాల్సిన ఇళ్ళుగా కనిపిస్తాయి. అమెరికన్ పుస్తకం చదివొచ్చిన యువ పాస్టరు ఒకరు దంపతులకే సభ్యత్వమన్నట్టు కూటం నడిపితే, ముందుగా గడప బయటికి పోయేది లోయి, యునీకే.

అందుకే కుటుంబ శిష్యత్వం చెప్పే ఇంటి సంఘాన్ని కొలవడానికి నేను మొదట చూసేది పిల్లల క్రమశిక్షణ కాదు. కుటుంబం లేని మనిషికి అక్కడ చోటెక్కడ అన్నది. విధవరాలు, పెళ్ళికాని నలభై ఏళ్ళ స్త్రీ, విడాకులు తీసుకున్నవాడు, హాస్టల్లో ఉండే కుర్రవాడు ఆ భోజనంలో అతిథుల్లా కూర్చుంటున్నారా, ఇంటివాళ్ళలా వడ్డిస్తున్నారా? వాళ్ళ సాక్ష్యం పిల్లలు వింటున్నారా? నాలుగు ఒకేరకం కుటుంబాలు ఒకరినొకరు మెచ్చుకుంటూ కూర్చునేచోట పిల్లలకు అందేది విశ్వాసం కన్నా ఎక్కువగా వర్గం. మన దగ్గర దానికి కులం అనే పేరు కూడా సులభంగా తగులుతుంది. ఇంట్లో కూడే సంఘం చుట్టపక్కాల సంఘమవుతుంది, చుట్టపక్కాలంటే ఒకే కులం. పెద్ద సంఘంలో ఈ జాడ్యం లేదని కాదు, అక్కడ కనీసం ఒకే బల్ల దగ్గరికి అందరూ నడిచి రావాలి.

తెలుగు ఇంటి సంఘాలకు మరో సొంత చిక్కు ఆస్తి. కూటం మొదట హాల్లో, తర్వాత వరండాలో, ఆ తర్వాత పెరట్లో రేకుల షెడ్డులో, చివరికి దాని మీద స్లాబు పడుతుంది. కానుకలు అందరివి, స్థలం పాస్టరుగారి పేరున. ఆయన తర్వాత కొడుకు. కుటుంబ శిష్యత్వం కాస్తా కుటుంబ వారసత్వమైపోతుంది. స్థలం ట్రస్టు పేరున ఉందా, సొసైటీ రిజిస్టరైందా, కానుకల లెక్క ఏడాదికోసారి చదువుతారా అని చేరేముందు అడగడం అవిశ్వాసం కాదు. ‘దేవుని పని మీద లెక్కలా?’ అన్న జవాబు వస్తే అదే లెక్క.

చట్టం సంగతులు కొన్ని ఎవరూ ముందు చెప్పరు. ఎస్సీ కుటుంబాలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రాల్లో బీసీ–సి కిందికి వస్తారు. బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నా ఇదే, పిల్లల చదువు ఉద్యోగాల మీద దాని ప్రభావం ఉంటుంది. పెళ్ళికి 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ఉంది. ఇంటి సంఘపు పెద్దకు ఆ చట్టం కింద లైసెన్సు లేకపోతే ఆయన జరిపించిన పెళ్ళి కాగితం మీద నిలవదు, వీసా అడిగిన రోజున తెలుస్తుంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. చెప్పకపోవడమే నేరం. ‘సంఘంలోనే సర్దుకుందాం, నామానికి అవమానం’ అన్న మాట అక్కడ చెల్లదు. ఇక సమాధుల తోట. మన పట్టణాల్లో పాత తోటలు చాలావరకు సీఎస్ఐ, బాప్టిస్టు, లూథరన్, ఆర్సీఎం సంఘాలవి. పాత సంఘంలో పేరు కొట్టించుకుని వచ్చినవాళ్ళకు ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఈ సంగతి గుర్తొస్తుంది.

కాబట్టి పాత సభ్యత్వం వదలకుండానే కొన్ని నెలలు వెళ్ళి చూడటం మంచిది. ‘రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దు’ అని ఆ ఇంటివాళ్ళు తొందరపెడితే, ఎందుకు తొందరో అడగాలి. అంతకు ముందు ఆ సంఘాన్ని వదిలి వెళ్ళిన కుటుంబం ఒక్కటైనా ఉంటే వాళ్ళతో మాట్లాడాలి. వాళ్ళ గురించి ఇప్పటివాళ్ళు ఎలా మాట్లాడతారో కూడా వినాలి, ‘వెళ్ళిపోయారు’ అంటున్నారా, ‘పడిపోయారు’ అంటున్నారా. ఆ ఇళ్ళలో పెరిగి 18 దాటిన పిల్లలు ఉంటే ఇంకా మంచిది. వాళ్ళు ఇప్పుడు ఏ సంఘానికి వెళ్తున్నారన్నది పక్కనపెట్టి, నాన్నతో రోజూ మాట్లాడతారా అని అడిగితే, కాఫీ చల్లారేలోపు చాలా సంగతులు బయటికొస్తాయి.